ఎండబెట్టిన మెట్టతామర ఆకు ఫంగస్‌ను ఆపుతుందా? గుణుపురం విద్యార్థినికి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. రాయగడ జిల్లా గుణుపురంలో ఎమ్మెస్సీ చదువుతున్న ఒకమ్మాయి పుట్టాసింగి వైపు నుంచి మెట్టతామర ఆకు కోసుకొచ్చింది. కొందరు దీన్ని సీమ అవిసె అంటారు, శాస్త్రీయ నామం సెన్నా అలాటా. శ్రావణ మాసంలో మేడ మీద గదిలో ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌తో ఒక సారం, నీళ్లలో మరిగించి ఇంకో సారం తీసింది. రెండింటినీ మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, అగార్ ప్లేటులో (ఫంగస్ పెంచే జెల్లీ పళ్లెంలో) గుంట చేసి 100 మైక్రోలీటర్లు పోసింది. కాండిడా అల్బికాన్స్ అనే ఈస్టు రకం ఫంగస్ మీద మిథనాల్ సారానికి 18 మిల్లీమీటర్ల జోన్, అంటే ఫంగస్ పెరగని ఖాళీ వలయం, వచ్చింది. 25 మైక్రోగ్రాముల ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు అద్దిన డిస్కుకు 24 వచ్చింది. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజు మీద సారానికి 14, ఫ్లూకొనజోల్‌కు సున్నా. నీటి సారానికి ఎక్కడా ఏమీ లేదు. ఆమె అడుగుతున్నవి నాలుగు. ఆస్పర్‌జిల్లస్ విషయంలో మా సారం ఫ్లూకొనజోల్ కంటే మెరుగని రాయొచ్చా? ఊళ్లో పసరు రాస్తే తామర తగ్గుతోంది కదా, నీటి సారం ఎందుకు పనిచేయలేదు? వానాకాలంలో ఓవెన్‌లో ఎండబెట్టుకోవచ్చా? పర్లాకిమిడిలో మందుల షాపున్న మావయ్య ఆయింట్‌మెంట్ చేసి అమ్ముదామంటున్నాడు, చేయొచ్చా?

నేను జయపురంలో, తర్వాత బరంపురంలో మైక్రోబయాలజీ ల్యాబుల్లో చాలా ఏళ్లు ఇదే పని చేశాను. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను, విసుగనుకోకండి.

ముందు ఫ్లూకొనజోల్ సంగతి తేల్చేద్దాం. వైవాలో ఎక్స్‌టర్నల్ మొదట పట్టుకునేది దాన్నే. ఆస్పర్‌జిల్లస్‌కు ఫ్లూకొనజోల్ అంటే పుట్టుకతోనే లెక్కలేదు. ఆ మందు కాండిడా, క్రిప్టోకాకస్ లాంటి ఈస్టుల కోసం. ఆస్పర్‌జిల్లస్ మీద దాన్ని డాక్టర్లు ఎవరూ వాడరు. పనిచేయని మందుకు సున్నా వస్తే అందులో మీ సారం గెలిచిందేమీ లేదు. ఆస్పర్‌జిల్లస్‌కు పోల్చాలంటే ఇట్రాకొనజోల్, వోరికొనజోల్, ఆంఫోటెరిసిన్ బి ఉన్నాయి. తామర పుట్టించే ట్రైకోఫైటాన్‌కు టెర్బినాఫిన్ పెట్టండి. మొక్కల సారాల మీద మన దగ్గర అచ్చయ్యే పేపర్లలో ఈ పోలిక ఎంత మామూలైపోయిందంటే, చదివేవాళ్లకూ అనుమానం రావడం మానేసింది. మీరు మాత్రం ఆ వాక్యం రాయకండి.

ఆ 14 మిల్లీమీటర్ల మీద ఇంకో చిన్న అనుమానం. ప్లేటు ఇంకా పారేయకపోతే కిటికీ వెలుతురులో వంచి చూడండి. ఆస్పర్‌జిల్లస్ నైగర్ నల్లగా కనిపించేది బీజాల వల్ల. కొన్ని సారాలు ఫంగస్ పెరుగుదలను ఆపవు, బీజాలు ఏర్పడటాన్ని ఆలస్యం చేస్తాయి, అంతే. అప్పుడు గుంట చుట్టూ నలుపు ఉండదు కానీ పల్చటి తెల్లటి నూగు ఉంటుంది. పైనుంచి చూస్తే అది అచ్చం జోన్‌లాగే ఉంటుంది. పైగా మిథనాల్ సారం ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగులో అగార్‌లోకి పాకి ఒక వలయం గీస్తుంది. ఆ రంగు అంచును కొలిచేవాళ్లను కూడా చూశాను. స్కేలు పెట్టాల్సింది నూగు ఆగిపోయిన చోట. హ్యాండ్ లెన్స్ ఉంటే ఇంకా మంచిది.

ఇక కాండిడా లెక్క. 18కి, 24కి ఆరు మిల్లీమీటర్లే తేడా కదా, దాదాపు సమానమే అనిపిస్తుంది. బరువులు చూడండి. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములంటే 100 మైక్రోలీటర్లలో 10 మిల్లీగ్రాముల సారం, అంటే 10,000 మైక్రోగ్రాములు. డిస్కులో మందు 25 మైక్రోగ్రాములు. మీరు 400 రెట్లు ఎక్కువ పోసి 18 తెచ్చుకున్నారు. అలాగని మొక్కను తక్కువ చేయడమూ న్యాయం కాదు. ఆ 10 మిల్లీగ్రాముల్లో ఎక్కువ భాగం పత్రహరితం, చక్కెరలు, మైనం, లవణాలు. పని చేసే పదార్థం అందులో ఎంతుందో మీకింకా తెలియదు. కాబట్టి ఈ ప్లేటును బట్టి పోల్చడమే కుదరదు, అటూ ఇటూ కూడా. జోన్ సైజు మందు బలాన్ని ఒక్కదాన్నే చెప్పదు. పదార్థం అగార్‌లో ఎంత దూరం పాకగలదు అన్నది కూడా అందులో కలిసిపోయి ఉంటుంది. ఈ ఆకులో ఫంగస్ మీద పనిచేసే ఆంత్రాక్వినోన్ల లాంటివి నీళ్లలో సరిగ్గా కరగవు, అగారంటే ముక్కాలు మూడువీసాలు నీళ్లే, కాబట్టి అవి గుంట చుట్టే ఉండిపోతాయి. జోన్ చూసి బలం చెప్పడం, వీధిలోకి ఎంత దూరం వాసనొచ్చిందో చూసి కూర రుచి చెప్పడం లాంటిది.

మరి ఏం చేయాలో తర్వాత చెప్తాను. దానికి ముందు మీరు పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. మీ ప్రశ్నలో ఒక్క ముక్కలో వచ్చింది: శ్రావణంలో మేడ మీద గదిలో ఆరబెట్టాను అని. నా లెక్క ప్రకారం మీ ఫలితం సగం అక్కడే తేలిపోయింది.

ఎండబెట్టడమంటే ఆకులోంచి నీళ్లు పోగొట్టడం అనుకుంటాం. కోసిన ఆకు వెంటనే చచ్చిపోదు. తేమ ఉన్నంతసేపూ దాని ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి. మెట్టతామరలో ఫంగస్ మీద పనిచేసే ముఖ్య పదార్థాలు ఆంత్రాక్వినోన్లు: క్రైసోఫనాల్, ఎమోడిన్, అలో ఎమోడిన్, రైన్. ఆకులో వీటిలో కొంత భాగం చక్కెరతో కలిసి గ్లైకోసైడ్లుగా ఉంటుంది, కొంత విడిగా ఉంటుంది. నీడలో నెమ్మదిగా ఆరుతుంటే ఎంజైములు చక్కెరను విడగొడతాయి, విడి ఆంత్రాక్వినోన్ పెరుగుతుంది. ఓవెన్‌లో పెట్టి గబగబా ఎండబెడితే ఎంజైము పని పూర్తయ్యేలోపే తేమ పోతుంది, గ్లైకోసైడు గ్లైకోసైడుగానే మిగులుతుంది. అంటే ఒకే చెట్టు ఆకు రెండు పద్ధతుల్లో ఎండబెడితే రెండు వేర్వేరు సరుకులవుతాయి. దీనికి తోడు ఆంత్రోన్లని ఇంకో రూపం ఉంది. అవి గాలి తగిలితే ఆక్సీకరణ చెంది ఆంత్రాక్వినోన్లుగా మారతాయి. కాస్కరా అనే విదేశీ చెట్టు బెరడును విరేచనాల మందుగా వాడేముందు ఏడాది నిల్వ ఉంచడమో, వేడి చేయడమో చేసేది ఇందుకే. పచ్చిబెరడులోని ఆంత్రోన్లు కడుపును మెలిపెడతాయి. చర్మం దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశంలో తామరకు పేరుమోసిన గోవా పొడి, అదే క్రైసరోబిన్, ఈ ఆంత్రోన్ల మిశ్రమమే. గట్టిగా పనిచేసేది, చర్మాన్నీ అంతే గట్టిగా మండించేది, బట్టలకు మరకలు చేసేది. పచ్చి ఆకుకూ ఎండుటాకుకూ తేడా ఎందుకొస్తుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు.

ఓవెన్ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మెట్టతామరకు 40 నుంచి 50 డిగ్రీల మధ్య, గాలి ఆడే ట్రే ఓవెన్‌లో ఎండబెట్టడం తప్పు కాదు. వానాకాలంలో అదే మేలు. అయితే అదే ఆకును రెండు భాగాలు చేసి, ఒకటి నీడలో, ఒకటి ఓవెన్‌లో ఎండబెట్టి రెండూ పరీక్షించండి. ప్రాజెక్టుకు అదనంగా ఒక మంచి టేబుల్ వస్తుంది, పైగా చాలామంది చేయని పని. ఆకు ఎండిందో లేదో ఆకును నలిపి చూసి చెప్పకండి. రెక్క ఎప్పుడూ ముందే గలగలమంటుంది. మధ్య ఈనెను వంచండి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, టిక్కుమని విరిగితే ఎండినట్టు. తర్వాత కొద్దిగా పొడి తీసుకుని 105 డిగ్రీల దగ్గర బరువు మారడం ఆగేదాకా ఉంచి తేమ శాతం కట్టండి. 10 శాతం లోపుంటే నిశ్చింత. ఆ పొడిని సారానికి వాడకండి, అది కొలతకే.

అన్ని మొక్కలకూ ఈ లెక్క కుదరదు. మీ తర్వాతి బ్యాచ్‌లో తులసి, తమలపాకు, వెల్లుల్లి కూడా ఉన్నాయన్నారు కాబట్టి చెప్తున్నాను. తులసి, తమలపాకుల్లో ఫంగస్‌ను ఆపేది ఎక్కువగా యూజినాల్ లాంటి ఆవిరయ్యే నూనెలు. గది నిండా ఘుమఘుమలాడుతోందంటే మీ మందు గాల్లో కలుస్తోందన్నమాట. వాటికి 40 డిగ్రీలు దాటొద్దు. అసలు క్లెవెంజర్ (ఆకును నీళ్లతో మరిగించి నూనె దించే గాజు పరికరం) పెట్టి పచ్చి ఆకునుంచే నూనె దించడం మంచిది. వెల్లుల్లిది ఇంకో రకం. రెబ్బలో అల్లిసిన్ తయారై ఉండదు. దంచినప్పుడు అల్లినేజ్ అనే ఎంజైము అల్లిన్‌ను అల్లిసిన్‌గా మారుస్తుంది. రెబ్బలను వేడిలో ఎండబెడితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఆ తర్వాత ఎంత దంచినా రాదు. వేపాకును ఎర్రటి ఎండలో ఆరేస్తే దానిలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పాడవుతుంది, అది వెలుతురుకు నిలవదు. కరక్కాయ, దానిమ్మ తొక్క మాత్రం ఎండినా చెక్కుచెదరవు, వాటిలో ఉన్నది టానిన్లు, అంటే వగరునిచ్చే పదార్థాలు. అందుకే సంతలో అవి ఎండు సరుకుగానే దొరుకుతాయి, తమలపాకు ఎండుది ఎవరూ అమ్మరు.

వానాకాలం అన్నాను కాబట్టి ఇంకో భయం కూడా చెప్పాలి. ఇది నిజంగా టెన్షన్ పడాల్సిన విషయం. ఫంగస్‌ను చంపుతుందని తెచ్చుకున్న ఆకే ఫంగస్‌కు ఇల్లవుతుంది. కొండల నుంచి దిగిన సరుకు సగం ఆరి గోనె సంచిలో పడుతుంది, సంచి తడి నేల మీద పడుతుంది, నాలుగు రోజులకు లోపల వేడెక్కి ముక్కవాసన వస్తుంది. ఆ పొడిని చిటికెడు తీసి బ్యాక్టీరియాను ఆపే క్లోరాంఫెనికాల్ కలిపిన సబరో ప్లేటు (ఫంగస్ పెంచే మీడియం) మీద చల్లి చూడండి, ఏ రంగు బూజులు లేస్తాయో. ఆకుపచ్చ, పసుపు కలిసిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ లేచిందంటే ఆ బ్యాచ్ పారేయడమే. అందులో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండే అవకాశం ఉంది. అఫ్లటాక్సిన్ మిథనాల్‌లో హాయిగా కరుగుతుంది. అంటే మీరు సాక్స్‌లెట్‌లో (సారం దించే గాజు పరికరంలో) మందుతోపాటు విషాన్నీ చిక్కగా దించుకుంటున్నారు. అప్పుడొచ్చే జోన్ దేని వల్లో ఎవరు చెప్పగలరు? ఎండిన వెంటనే పొడి కొట్టకుండా ఆకుగానే కాగితం సంచిలో, దాన్ని మూత బిగించిన డబ్బాలో, సిలికా జెల్ పొట్లాంతో ఉంచండి. సారం తీసే రోజే పొడి కొట్టండి.

కోసేటప్పుడే ఒక కొమ్మను పువ్వుతో, కాయతో నొక్కి హెర్బేరియం షీటు చేసి డిపార్ట్‌మెంట్‌లో నంబరు వేయించండి. మెట్టతామర నిలబడి ఉండగా పోల్చుకోవడం సులువే. నిటారుగా లేచిన పసుప్పచ్చ పూల కంకి, నాలుగు రెక్కలున్న కాయ. ఎండి పొడైతే అన్నీ ఒకటే రంగు. మన సంతల్లో ఒడియా, సవర, తెలుగు పేర్లు మూడూ తిరుగుతుంటాయి, అమ్మే ఆవిడ చెప్పిన పేరును నమ్మి రిపోర్టు రాయకూడదు. వేపాకు అని తురకవేప తెచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గుర్తింపు మీద అనుమానముంటే జయపురంలో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ల బిజూ పట్నాయక్ ఔషధ మొక్కల వనం ఉంది, భువనేశ్వర్‌లో ప్రాంతీయ మొక్కల వనరుల కేంద్రం ఉంది.

ఇప్పుడు నీటి సారం. ఊళ్లో పసరు పనిచేస్తోంది, ల్యాబులో కషాయం పనిచేయలేదు, కాబట్టి ఊరివాళ్లది నమ్మకమే అని తేల్చేయకండి. ఆ రెండూ ఒకటి కావు. విడి ఆంత్రాక్వినోన్లు నీళ్లలోకి దిగవు. గ్లైకోసైడ్లు దిగుతాయి గానీ, కాండిడా దగ్గర వాటి బలం తక్కువ. ఊళ్లో ఏం చేస్తారు? పచ్చి ఆకు కల్వంలో నూరి, నిమ్మరసమో నూనో కలిపి, మచ్చ మీద రుద్దుతారు, అదీ రోజుకు రెండుసార్లు, వారాల తరబడి. నూరితే కణాలు పగిలి ముద్ద మొత్తం చర్మానికి తగులుతుంది, నూనెలోకి ఆంత్రాక్వినోన్ దిగుతుంది, పచ్చి ఆకు కాబట్టి ఆంత్రోన్లూ ఉంటాయి. అసలు ఈ మెట్టతామర అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన మొక్క. ఆయుర్వేదంలో తామరకు చెప్పిన పాతది మన గట్ల మీద మొలిచే తగిరిస. దాని గింజలను పుల్లమజ్జిగలో నానబెట్టి నూరతారు. ఉత్త నీళ్లలో మరిగించమని పాతవాళ్లు చెప్పలేదు. ఫిలిప్పీన్స్‌లో అకపుల్కో పేరుతో ఇదే మెట్టతామరను ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఆమోదించిన పది ఔషధ మొక్కల్లో చేర్చారు, అక్కడా పైపూతగానే.

అందుకని నీటి సారాన్ని వదిలేయకుండా దాని పక్కన 70 శాతం ఇథనాల్ సారం ఒకటి, పచ్చి ఆకును నువ్వుల నూనెలో నూరి వడకట్టినది ఒకటి పెట్టండి. పచ్చికీ ఎండుకీ పోల్చేటప్పుడు ఒక లెక్క మరిచిపోవద్దు. పచ్చి ఆకులో ఎక్కువ భాగం నీళ్లే. 10 గ్రాముల పచ్చి ఆకును 10 గ్రాముల పొడితో పోల్చడం కుదరదు. పచ్చి ఆకు తేమ శాతం కట్టి, రెండింటినీ ఎండు బరువు మీదికి తెచ్చి పోల్చాలి. నీటి సారాన్ని రాత్రంతా బల్ల మీద వదిలేస్తే అదే పులుస్తుంది. వడకట్టి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి పోసి, ఫ్రిజ్‌లో పెట్టండి.

మిథనాల్ సారంలో ఆంత్రాక్వినోన్ దిగిందా లేదా చూడటానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. బోర్న్‌ట్రేగర్ పరీక్ష చాలు. ఆరబెట్టిన సారాన్ని కొద్దిగా నీళ్లలో కలిపి, క్లోరోఫామ్ పోసి కుదిపి, కింద దిగిన క్లోరోఫామ్ పొరను వేరు చేసి, దాని మీద పల్చటి అమ్మోనియా పోసి మళ్లీ నెమ్మదిగా కుదపండి. పైనున్న అమ్మోనియా పొర గులాబీ రంగుకు తిరుగుతుంది. విడి ఆంత్రాక్వినోన్ ఎంతుంటే రంగు అంత చిక్కన. నీడలో ఎండిందీ, ఓవెన్‌లో ఎండిందీ రెండు టెస్ట్ ట్యూబుల్లో పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలుస్తుంది. ముందు ఆమ్లంతో మరిగించి చేస్తే గ్లైకోసైడ్‌గా ఉన్నది కూడా బయటపడుతుంది. ఈ రెండు రంగుల మధ్య తేడా చూస్తే మీ ఎండబెట్టే పద్ధతి ఎంత గ్లైకోసైడును మిగిల్చిందో తెలుస్తుంది. నాకైతే ఏ జోన్ ఫొటో కంటే ఈ గులాబీ రంగు మీదే గురి ఎక్కువ.

సరే, బలం ఎలా కొలవాలి? 96 గుంటల ప్లేటులో బ్రాత్ మైక్రోడైల్యూషన్, అంటే ద్రవ మీడియంలో సారాన్ని అంచెలంచెలుగా పల్చన చేసి చూడటం. పద్ధతి కాండిడాకు సీఎల్ఎస్ఐ (ల్యాబ్ ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ) వాళ్ల ఎం27, బూజులకు ఎం38. సారాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి మిల్లీలీటరుకు 2000 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి సగం సగం తగ్గిస్తూ పోతే పదో గుంటకు సుమారు 4 మైక్రోగ్రాములకు వస్తారు. డీఎంఎస్‌ఓ చివరికి 1 శాతం మించకూడదు. సారం లేకుండా డీఎంఎస్‌ఓ ఒక్కటే వేసిన వరస తప్పనిసరి, ఎందుకంటే డీఎంఎస్‌ఓ, మిగిలిపోయిన మిథనాల్ రెండూ ఫంగస్‌ను ఇబ్బంది పెడతాయి. ద్రావకాన్ని ఆవిరి చేసే రోటరీ యంత్రం లేనందువల్ల వాటర్ బాత్ మీద ఆరబెట్టే వాళ్లకు మిథనాల్ పూర్తిగా పోవడం కష్టం. బరువు రెండు రోజులు వరసగా ఒకటే చూపించేదాకా ఆగాలి. ఫంగస్ కూడా కొలిచి వేయాలి. కాండిడా అయితే గుంటలో చివరికి మిల్లీలీటరుకు 500 నుంచి 2500 కణాలు. ఎక్కువ వేస్తే ఏ మందూ పనిచేయనట్టే కనిపిస్తుంది. చండీగఢ్ ఎంటీసీసీ (సూక్ష్మజీవులను భద్రపరిచే కేంద్రం) నుంచి తెచ్చిన స్ట్రెయిన్ వాడండి, నంబరు రాయండి. మీ ప్లేటు సరిగ్గా నడిచిందని చూపడానికి కాండిడా పారాప్సిలోసిస్ ఏటీసీసీ 22019 అనే ప్రామాణిక రకం ఒకటి పెట్టుకోవాలి. దాని మీద ఫ్లూకొనజోల్ ఎంఐసీ, అంటే ఫంగస్‌ను ఆపే అతి తక్కువ మోతాదు, 24 గంటలకు మిల్లీలీటరుకు 0.5 నుంచి 4 మైక్రోగ్రాముల మధ్య రావాలి. రాకపోతే ఆ రోజు ప్లేటు లెక్కలోకి రాదు, మీ సారం ఎంత బాగా పనిచేసినా సరే.

సారం రంగు వల్ల ఫంగస్ పెరిగినప్పుడు వచ్చే కలక కనపడదు, అందుకు రెజాజురిన్ అనే రంగు వేస్తారు, నీలం నుంచి గులాబీకి మారితే ఫంగస్ బతికున్నట్టు. కొన్ని సారాలు ఫంగస్ లేకుండానే ఆ రంగును మార్చేస్తాయి, కాబట్టి సారం, రెజాజురిన్ మాత్రమే ఉన్న గుంట కూడా ఉండాలి. కరక్కాయ, దానిమ్మ చేసేటప్పుడు అదనపు చిక్కు టానిన్లది. అవి కనిపించిన ప్రొటీన్‌నల్లా పట్టుకుని ముద్ద చేస్తాయి. బ్రాత్‌లోని పెప్టోన్‌ను ముద్ద చేసి ఫంగస్‌కు తిండి లేకుండా చేస్తే అది మందు గొప్పేం కాదు. పీవీపీపీ పొడితో టానిన్ తీసేసి మళ్లీ చూడండి. బలం మొత్తం పోయిందంటే కారణం దొరికినట్టే. కుంకుడు, సీకాయ సారాల్లో నురగనిచ్చే సపోనిన్లు ఫంగస్ కణం పొరకు చిల్లులు పొడుస్తాయి, అదే పని మన ఎర్ర రక్తకణాలకూ చేస్తాయి. ఫంగస్ కణం నిర్మాణంలో మనకు దగ్గర చుట్టం. బ్యాక్టీరియాను చంపినంత తేలిగ్గా, మన కణాలకు ఏమీ కాకుండా దాన్ని చంపడం కుదరదు.

ఎంఐసీ వచ్చాక ఎలా చదవాలి? ముడి సారానికి మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల లోపు వస్తే ఈ రంగంలో మంచి ఫలితం అంటారు. 1000 దాటితే ఆ మొక్క మీద ఇంకా ఖర్చు పెట్టాలా అని ఆలోచించాలి. మధ్యలో వస్తే హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్‌లతో విడగొట్టి, బలం ఎటు పోతోందో చూడొచ్చు. ఆంత్రాక్వినోన్లు ఎక్కువగా ఇథైల్ ఎసిటేట్ వైపు పోతాయి. మీ ఊరి సమస్య తామర కాబట్టి కాండిడా, ఆస్పర్‌జిల్లస్‌లతో ఆపేసి ట్రైకోఫైటాన్ పెట్టకపోతే ప్రశ్నకు జవాబు వచ్చినట్టు కాదు. అది నెమ్మదిగా పెరుగుతుంది, బ్రాత్‌లో నాలుగు రోజులు, ప్లేటు మీద వారం నుంచి రెండు వారాలు. గైడు తొందరపెట్టినా ఆగాల్సిందే.

తొందరపడొద్దనడానికి ఇంకో కారణముంది. ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న తామర పాత తామర కాదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన జాతి ఒకటి బాగా పాకింది. దీని రకాల్లో చాలావాటికి టెర్బినాఫిన్ పట్టదు, ఆ మందు పనిచేసే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ ఎంజైమును తయారుచేసే జన్యువే మారిపోయింది. దీనికి ఆజ్యం పోసింది స్టెరాయిడ్ కలిసిన క్రీములు. ఒకే ట్యూబులో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ ఉంటాయి. రాయగానే దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది, లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది. మావయ్యగారి షాపులో అమ్మేవాటిలో క్లోబెటాసోల్ అని రాసి ఉన్నవి చూడమనండి. ఊళ్లో పసరు పనిచేయట్లేదని ఎవరైనా అంటే, అంతకు ముందు ఆ చర్మానికి ఏం రాశారో ముందు అడగండి. మీ మెట్టతామర సారం ఈ టెర్బినాఫిన్ పట్టని రకం మీద పనిచేస్తే, అదీ రాయదగ్గ మాట. పాత క్రైసరోబిన్‌కు, ఇప్పటి టెర్బినాఫిన్‌కు పనిచేసే చోటు ఒకటి కాదు, కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు. పరీక్షించకుండా రాయకూడదు, అంతే.

ఆయింట్‌మెంట్ సంగతి. ఇంట్లో చేసుకుని ఇంట్లో రాసుకోవడం వేరు, షాపులో పెట్టి అమ్మడం వేరు. మందుల చట్టం, అంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ యాక్ట్ ప్రకారం ఆయుర్వేద మందు తయారుచేసి అమ్మాలన్నా రాష్ట్రం నుంచి తయారీ లైసెన్సు ఉండాలి. మందుల షాపు లైసెన్సు దానికి చాలదు. తామర పూర్తిగా నయం అని బోర్డు పెట్టడం కూడా చిక్కులు తెచ్చే పనే. అన్నిటికంటే ముందు, మిథనాల్‌తో తీసిన సారాన్ని ఏ రూపంలోనూ మనిషి చర్మం మీద పెట్టనివ్వకండి. మిథనాల్ విషం, చర్మంలోంచి కూడా లోపలికి పోతుంది. చిత్రమూలం, నల్లజీడి లాంటివి కలిపితే బలం పెరుగుతుందని ఎవరైనా సలహా ఇస్తే చేతులు జోడించి వద్దనండి. వాటితో బొబ్బలెక్కి ఆస్పత్రికి పరుగెత్తినవాళ్లున్నారు. మావయ్యకు తామర మందు కావాలంటే వైట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ ఉంది. 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం సాలిసిలిక్ ఆమ్లం. బెంజోయిక్ ఆమ్లం మొదట దొరికింది సాంబ్రాణి నుంచే. వందేళ్లు దాటినా ఇంకా ఆరోగ్య కేంద్రాల్లో ఇస్తున్నారు, ధర కూడా చవకే. రెండు వారాలైనా తగ్గకపోయినా, ముఖానికో గజ్జలకో పాకినా చర్మ డాక్టరు దగ్గరికి పంపాలి. అక్కడ మచ్చ అంచు గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు, అది ఫంగసో కాదో అక్కడే తెలిసిపోతుంది.

ఆ సీఎల్ఎస్ఐ పద్ధతిలో వాడే ఆర్‌పీఎంఐ అనే ద్రవ మీడియం మీ కాలేజీలో లేదన్నారు. సబరో బ్రాత్‌లోనే చేయండి, ఫరవాలేదు. దాని పీహెచ్ 5.6, ఆర్‌పీఎంఐది 7.0, కాబట్టి మీ ఎంఐసీ అంకెలు బయటి పేపర్ల అంకెలతో నేరుగా కలవవు. ఆ సంగతి మెథడ్స్‌లో ఒక వాక్యం రాసి, మీ నీడ బ్యాచ్, ఓవెన్ బ్యాచ్, పచ్చి బ్యాచ్ మూడింటినీ ఒకే రోజు ఒకే ప్లేటులో పెట్టండి.